ట్రయల్స్ సైకిల్‌కి సస్పెన్షన్ ఫోర్కు: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి అక్కర్లేదు

ముందు బ్రేకు పట్టి, ముందు చక్రం మీదే నిలబడి, వెనక చక్రాన్ని గాల్లో పక్కకు తిప్పడం, కాలు నేలకు ఆనకుండా రాళ్లూ గట్లూ ఎక్కి దిగే సైకిల్ ఆట ట్రయల్స్‌లో తొలి పాఠాల్లో ఒకటి. ఆ ఒక్క క్షణం మనిషి బరువు, సైకిల్ బరువు మొత్తం ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ల చట్రం) మీదే ఉంటుంది. 65 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్ అనుకుంటే అది దాదాపు 755 న్యూటన్లు. ఇప్పుడు చవక మౌంటెన్ సైకిళ్లకు వచ్చే కాయిల్ ఫోర్కు సంగతి చూద్దాం. లోపలి స్ప్రింగు మిల్లీమీటరుకు 7 న్యూటన్ల గట్టిదనం ఉన్నదనుకుంటే, 100 మి.మీ. ట్రావెల్ (ఫోర్కు నొక్కుకోగల దూరం) చివరిదాకా నొక్కుకుపోవడానికి 700 న్యూటన్లు చాలు. స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచే ప్రీలోడ్ గుండీ ఆఖరికంటా బిగిస్తే ఇంకో 70, 100 న్యూటన్లు కలుస్తాయి. అంటే ఏ గెంతూ లేకుండా, ఊరికే ముందు చక్రం మీద నిలబడితేనే ఆ ఫోర్కు అడుగు తాకే అంచుకు వస్తుంది.

గెంతు దగ్గర లెక్క ఇంకా ఘోరం. 60 సెంటీమీటర్ల గట్టు మీంచి దిగితే ఆ 77 కిలోలు మోసుకొచ్చే శక్తి సుమారు 450 జౌళ్లు. పైన చెప్పిన స్ప్రింగు 100 మి.మీ. నొక్కుకుని దాచుకోగలిగేది 35 జౌళ్లే. మిగతాదంతా మోకాళ్లు, మోచేతులు, వెనక చక్రం, టైరు పంచుకుంటాయి. ఈ లెక్క తలకెక్కితే కొనుగోలు సగం తేలికవుతుంది. ట్రయల్స్‌లో సస్పెన్షన్ ఫోర్కు దెబ్బను మింగదు, దెబ్బ అంచును కాస్త గీరుతుంది, అంతే. కాబట్టి ట్రావెల్ ఎంత, గుండీలెన్ని అని చూసి డబ్బు పెడితే వృథా. ఇరుసు లావు, రెండు కాళ్లనూ పైన కలిపే క్రౌన్ బలం, కాళ్లలోకి జారే స్టాంషన్ గొట్టాల వ్యాసం, గట్టిగా గాలి నింపుకోగల స్ప్రింగు, ఫ్రేముకు సరిపోయే పొడవు: పెట్టిన డబ్బు ఫలించేది వీటి దగ్గరే.

అసలు ఫోర్కు కావాలా అన్నది ముందు తేల్చుకోవాల్సిన సంగతి. పోటీ ట్రయల్స్ సైకిళ్లకూ, 24 అంగుళాల స్ట్రీట్ ట్రయల్స్ సైకిళ్లకూ సస్పెన్షన్ లేని రిజిడ్ ఫోర్కే ఉంటుంది. అది పిసినారితనం కాదు. వెనక చక్రం మీద నిలబడి పెడల్ కొట్టి ఎగిరేటప్పుడు ముందు భాగం ఎంత తేలికగా ఉంటే అంత సుఖం. రెండు చక్రాల మీద గెంతాలంటే ముందు చేతులతో కిందికి నొక్కాలి. ఆ నొక్కిన బలం తిరిగి పైకి రావాలిగాని స్ప్రింగులోనూ ఆయిల్లోనూ ఇంకిపోకూడదు. మెత్తటి ఫోర్కుతో గెంతడం పరుపు మీద నిలబడి గెంతినట్టుంటుంది.

అయినా ఫోర్కు వేసి ట్రయల్స్ చేసినవాళ్లకు కొదవలేదు. హాన్స్ రే, ర్యాన్ లీచ్, జెఫ్ లెనోస్కీ లాంటివాళ్లు మౌంటెన్ సైకిల్ మీదే, సస్పెన్షన్‌తోనే ట్రయల్స్ విన్యాసాలు చేసి పేరు తెచ్చుకున్నారు. ఒకే సైకిల్ మీద పొద్దున రాళ్లెక్కి, సాయంత్రం కాలిబాట గట్ల మీద ఆడి, ఆదివారం కొండదారిలో పది కిలోమీటర్లు దిగాలనుకునేవాళ్లకు ఫోర్కు అర్థవంతమే. రాళ్ల దారిలో గంటసేపు దిగితే రిజిడ్ ఫోర్కు మణికట్ల పని పడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైట్ బండల మీద ఆడేవాళ్లకు ఈ రెండు అవసరాలూ ఒకేచోట ఎదురవుతాయి. బండ ఎక్కడానికి ముందు భాగం గట్టిగా ఉండాలి, బండ దాకా వెళ్లే దారికి మెత్తగా ఉండాలి. సాధనలో అయిదింట నాలుగు వంతులు ఒకేచోట నిలబడి గెంతడమే అయితే మాత్రం ఫోర్కు జోలికి పోకుండా ముందు 2.4 లేక 2.5 అంగుళాల లావు టైరు వేసి, గాలి 25 పీఎస్‌ఐ దగ్గర ఉంచి చూడటం మంచిది. చాలామందికి కావలసిన మెత్తదనం అక్కడే దొరుకుతుంది, అదీ అరకిలో కంటే తక్కువ అదనపు బరువుతో.

పొడవు దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు

ఫోర్కు కొనేటప్పుడు పెట్టె మీద పెద్దక్షరాలతో కనిపించేది ట్రావెల్. ఫ్రేముకు కావలసింది మాత్రం ఇరుసు మధ్య నుంచి క్రౌన్ కింది అంచు దాకా ఉన్న పొడవు. 26 అంగుళాల ట్రయల్స్ ఫ్రేముకు వచ్చే రిజిడ్ ఫోర్కు దాదాపు 410 మి.మీ. ఉంటుందనుకుందాం. అదే చక్రానికి 100 మి.మీ. ట్రావెల్ సస్పెన్షన్ ఫోర్కు సుమారు 470 మి.మీ., 80 మి.మీ. ట్రావెల్‌ది 450 మి.మీ. దరిదాపుల్లో ఉంటాయి. 410 తీసి 470 పెడితే ముందు భాగం దాదాపు 57 మి.మీ. లేస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 1,030 మి.మీ. అయితే హెడ్ యాంగిల్ (ఫోర్కు దూరే ముందు గొట్టం, అంటే హెడ్ ట్యూబు, వాలు కోణం) మూడు డిగ్రీలకు పైగా పడుకుంటుంది, పెడళ్ల మధ్య ఇరుసు 20 మి.మీ. పైకి పోతుంది. 72 డిగ్రీలతో చురుగ్గా తిరిగే సైకిల్ 69 డిగ్రీలకు దిగిందంటే, కదలకుండా నిలబడినప్పుడు హ్యాండిల్ దానంతటది ఓ పక్కకు వాలుతుంది. ట్రయల్స్‌లో సగం జీవితం కదలకుండా నిలబడటమే కాబట్టి ఈ వాలుడు వెంటనే తెలుస్తుంది.

అందుకే 80 మి.మీ. ట్రావెల్ ఫోర్కు, లేదా 100ని 80కి తగ్గించుకోగల ఫోర్కు మేలు. దాన్ని గట్టిగా పెట్టుకున్నా మనిషి ఎక్కితే 8 మి.మీ. దాకా దిగుతుంది. అప్పుడు అసలు తేడా 30 మి.మీ. చుట్టూ, కోణంలో రెండు డిగ్రీల లోపు ఉంటుంది. హ్యాండిల్‌ను పట్టుకునే ముక్క స్టెమ్. హ్యాండిల్ పొట్టి స్టెమ్‌తో, తక్కువ ఎత్తు బార్‌తో కాస్త కిందికి దించితే అలవాటు పడొచ్చు. పాత స్టెమ్ అలాగే ఉంచి ఫోర్కు మార్చి, సైకిల్ పాడైపోయిందని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. ట్రయల్స్ స్టెములు ఏటవాలుగా ఎత్తు లేచి ఉంటాయి. ఫోర్కు పొడవు పెరిగాక ఆ ఎత్తు అక్కర్లేదు.

మట్టి దిబ్బల మీంచి ఎగరడానికి చేసే డర్ట్ జంప్ ఫ్రేములు 100 మి.మీ. ఫోర్కును ఊహించే తయారవుతాయి. అన్నిటికీ పనికొచ్చే సైకిల్ కొత్తగా కట్టుకునేవాళ్లకు అది తేలిక దారి: వెనక భాగం పొట్టిగా, పెడల్ ఇరుసు తగుమాత్రం ఎత్తులో, ముందు ఫోర్కు లెక్క ముందే సరిపోయి ఉంటుంది. అచ్చమైన ట్రయల్స్ ఫ్రేము మీద పొడవాటి ఫోర్కు పెట్టడంలో ఇంకో చిక్కుంది. ఫోర్కు పొడవు పెరిగేకొద్దీ అది మీటకోలలా హెడ్ ట్యూబును వెనక్కి విరుస్తుంది. పోటీల కోసం పల్చగా చేసిన అల్యూమినియం ఫ్రేములు హెడ్ ట్యూబు, డౌన్ ట్యూబు కలిసే అతుకు దగ్గర చీలేది ఇలాగే. ఫ్రేము తయారీదారు గరిష్ఠ ఫోర్కు పొడవు ఇచ్చి ఉంటే దాన్ని దాటొద్దు.

24 అంగుళాల చక్రాల స్ట్రీట్ ట్రయల్స్ ఫ్రేముకైతే సస్పెన్షన్ ఫోర్కు ఆలోచన మానుకోవడమే మంచిది. దానికి వచ్చే రిజిడ్ ఫోర్కు ఇంకా పొట్టిది. తేడా పూడ్చడానికి ఏ ఉపాయమూ చాలదు. 26 ఫ్రేముకు మాత్రం ఓ ఉపాయం ఉంది. డిస్కు బ్రేకు ఉంటే ముందు 26 చక్రం బదులు 24 చక్రం వేయవచ్చు. రిమ్ము వ్యాసం 559 నుంచి 507 మి.మీ.కి తగ్గుతుంది కాబట్టి, టైరు లావు ఒకటే అయితే ఇరుసు 26 మి.మీ. కిందికి వచ్చి ఫోర్కు పొడవు దాదాపు సగం సర్దుకుంటుంది. చూడ్డానికి వింతగా ఉంటుంది, గుంతల్లో చిన్న చక్రం ఎక్కువ ఇరుక్కుంటుంది, కానీ పని చేస్తుంది. ఇంకోవైపు 26కి ఫోర్కు దొరకడం లేదని 27.5 ఫోర్కు కొనేవాళ్లున్నారు. చక్రం పడుతుంది, డిస్కు బ్రేకు పని చేస్తుంది, పొడవు మాత్రం ఇంకో పది పదిహేను మిల్లీమీటర్లు పెరుగుతుంది.

స్టీరర్, ఇరుసు, బ్రేకు

ఫోర్కు పైనుంచి హెడ్ ట్యూబులోకి దూరే స్టీరర్ గొట్టం రెండు రకాలు. పైనుంచి కింది దాకా ఒకే 1⅛ అంగుళాల లావుండే స్ట్రెయిట్ రకం ఒకటి, కిందికొచ్చేసరికి 1½ అంగుళాలకు లావెక్కే టేపర్డ్ రకం ఇంకొకటి. టేపర్డ్ హెడ్ ట్యూబున్న ఫ్రేములో స్ట్రెయిట్ ఫోర్కు వేయడానికి క్రౌన్ రేస్ (కింది బేరింగు కూర్చునే రింగు) ఒక్కటి మారిస్తే చాలు. తిరగేసి చేయాలంటే మాత్రం చిక్కే. హెడ్ ట్యూబు లోపలి వ్యాసం 44 మి.మీ. ఉంటే కింద బయటికి పొడుచుకొచ్చే కప్పు వేసి టేపర్డ్ ఫోర్కును పట్టించవచ్చు. దాంతో ముందు భాగం ఇంకో 10, 12 మి.మీ. లేస్తుంది. పాత 34 మి.మీ. హెడ్ ట్యూబులోనూ, బీఎమ్ఎక్స్ తరహాలో బేరింగు నేరుగా ఫ్రేములో కూర్చునే హెడ్ ట్యూబులోనూ టేపర్డ్ ఫోర్కు పట్టనే పట్టదు. అందుకే సెకండ్‌హ్యాండ్ బజారులో స్ట్రెయిట్ స్టీరర్ ఫోర్కుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, వయసుకు మించిన ధర పలుకుతుంది.

స్టీరర్ పొడవు కొలిచాకే డబ్బు చేతులు మారాలి. హెడ్ ట్యూబు 110 మి.మీ., హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగుల జత) పైకప్పు 12, కింది కప్పు 12, స్పేసర్లు 10, స్టెమ్ పట్టు 40 అనుకుంటే మొత్తం 184. పై మూత బిగుసుకోవడానికి 3 మి.మీ. తగ్గించి 181 కోయాలి. వాడేసిన ఫోర్కులు 165, 170కి కోసి ఉండటం మామూలే. స్పేసర్లన్నీ తీసేసినా చాలకపోతే ఆ ఫోర్కు ఎంత చవకైనా వద్దు. స్టెమ్ పట్టు సగం మాత్రమే స్టీరర్‌ను పట్టుకున్న సైకిల్ మీద ముందు చక్రంతో దిగడం పళ్లతో పందెం కాయడమే.

ఇరుసు విషయంలో ట్రయల్స్ వాళ్లు పడే ఇబ్బంది మిగతావాళ్లకు ఉండదు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, మొత్తం బరువు దాని మీద మోపి, చక్రాన్ని పక్కకు మెలితిప్పుతారు. 9 మి.మీ. క్విక్ రిలీజ్ ఇరుసున్న ఫోర్కులో రెండు కాళ్లూ విడివిడిగా వంగుతాయి, డిస్కు ప్యాడ్లకు రాసుకుంటూ కూస్తుంది. డిస్కు బ్రేకు లాగే దిశ కూడా ఇరుసును డ్రాపౌట్ (అది కూర్చునే గాడి) నుంచి కిందికి తోసేదే కాబట్టి, లివరు సరిగా బిగించకపోతే చక్రం జరుగుతుంది. కాళ్ల రంధ్రాల్లోంచి దూరి బిగుసుకునే 20 మి.మీ. బోల్ట్ త్రూ ఇరుసు ఉన్న డర్ట్ జంప్ ఫోర్కులో ఈ బాధ లేదు. 15 మి.మీ. ఇరుసు వాటికి మధ్యస్తం. అయితే ఇరుసు మారితే హబ్బూ (చక్రం నడిమి భాగం) మారాలి. క్విక్ రిలీజ్ హబ్బు వెడల్పు 100 మి.మీ., 20 మి.మీ. ఇరుసుకు 110, 15 మి.మీ. ఇరుసుల్లో పాతవి 100, బూస్ట్ రకం 110. 20 మి.మీ. రకమూ బూస్ట్ రకమూ రెండూ 110 అయినా ఒకదాని హబ్బు ఇంకోదానికి పట్టదు. చవకగా ఫోర్కు దొరికిందని సంబరపడి, ఆనక హబ్బు కొని, స్పోకులు మార్చి, చక్రం కట్టించేసరికి ఫోర్కంత ఖర్చు దానికీ అవుతుంది. హబ్బు ఎండ్ క్యాపులు (చివరి మూతలు) మార్చుకునే రకమైతే ఈ ఖర్చు తప్పుతుంది. ముందు అది చూసుకోవాలి.

రిమ్మును నొక్కి ఆపే రిమ్ బ్రేకు, ముఖ్యంగా హైడ్రాలిక్ రకమైన మగురా హెచ్‌ఎస్33, వాడేవాళ్లకు దారి ఇరుకు. దానికి ఫోర్కు మీద వి-బ్రేకు బొడిపెలు కావాలి. కొత్త ఫోర్కుల్లో అవి దాదాపు కనిపించవు. పాతవాటిలో ఉన్నా, హెచ్‌ఎస్33 నొక్కే బలానికి సన్నటి లోయర్స్ (ఫోర్కు కింది కాళ్లు) బయటికి విచ్చుకుంటాయి. బ్రేకు లివరు హ్యాండిల్‌ను తాకుతుంటే తప్పు బ్రేకుది కాకపోవచ్చు, ఫోర్కు విచ్చుకుంటోందేమో చూడాలి. ముందు డిస్కు, వెనక రిమ్ బ్రేకు పెట్టుకోవడం ఇక్కడ నికరమైన ఏర్పాటు.

గాలా, కాయిలా

మొదట్లో వేసిన లెక్కకు మళ్లీ వద్దాం. ఎయిర్ స్ప్రింగులో పిస్టన్ వైశాల్యం 600 చదరపు మి.మీ., గాలి గది పొడవు 150 మి.మీ. అనుకుందాం. 100 పీఎస్‌ఐ నింపితే మొదటి పట్టు 414 న్యూటన్లు. మనిషి ముందు చక్రం మీద నిలబడితే ఫోర్కు సుమారు 68 మి.మీ. దిగుతుంది. అదే ఫోర్కులో 150 పీఎస్‌ఐ నింపితే 27 మి.మీ. మాత్రమే దిగుతుంది. నెగటివ్ స్ప్రింగును (ప్రధాన స్ప్రింగుకు ఎదురుగా నెట్టే చిన్న స్ప్రింగు) లెక్కలోంచి తీసేశాం కాబట్టి అంకెలు ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. కాని షాక్ పంపుతో రెండు నిమిషాల పనికి ఎంత తేడా వస్తుందో అర్థమవుతుంది. కాయిల్లో ఇంత మార్పు రావాలంటే స్ప్రింగే మార్చాలి. చవక ఫోర్కులకు గట్టి స్ప్రింగు విడిగా దొరకడం కష్టం. ప్రీలోడ్ గుండీ స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు, మొదట్లో ఎంత నొక్కి ఉంచాలో మాత్రమే మారుస్తుంది. చాలామంది దాన్ని హార్డ్, సాఫ్ట్ గుండీ అనుకుంటారు. పక్కన ప్లస్, మైనస్ గుర్తులు వేసిన కంపెనీలదే ఆ పాపం.

గాలి స్ప్రింగుకు ఇంకో గుణం ఉంది. నొక్కుకుపోయేకొద్దీ గది చిన్నదై బలం ఒక్కసారిగా పెరుగుతుంది, అడుగు తాకడం అంత తేలిక కాదు. గదిలో ప్లాస్టిక్ స్పేసర్లు వేసి ఈ గుణాన్ని ఇంకా పెంచుకోవచ్చు. కొన్ని ఫోర్కుల్లో ఇది మూత విప్పి చేసే పని. కాయిల్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. సీలు పోయి గాలి కారే భయం లేదు, ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా పని చేస్తుంది, చిన్న దెబ్బకు సైతం మెత్తగా కదులుతుంది. బరువు మాత్రం దండిగా ఉంటుంది. కాయిల్ స్ప్రింగు, ఉక్కు గొట్టాలు ఉన్న చవక ఫోర్కు రెండున్నర కిలోల దగ్గర తూగుతుంది. గాలి ఫోర్కు 1.6 నుంచి 2.2 కిలోలు, ట్రయల్స్ రిజిడ్ ఫోర్కు కిలో అటూఇటూ. ముందు చివర అదనపు కిలోన్నర మోసుకుంటూ వెనక చక్రం మీద నిలబడి చూస్తే, అంకెల్లో కనిపించని బరువు నడుములో తెలుస్తుంది.

లాకౌట్ అన్నది ట్రయల్స్‌కు వరంలా కనిపిస్తుంది: తిప్పితే రిజిడ్, వదిలితే సస్పెన్షన్. చవక ఫోర్కుల్లో ఇదే ముందు విరిగేది. మెకానికల్ లాకౌట్ లోపల ఓ చిన్న ప్లాస్టిక్ ముక్కతో కడ్డీని అడ్డుకుంటుంది. లాక్ చేసి గట్టు మీంచి దిగితే ఆ ముక్క పోతుంది. ఫోర్కు విరగదుగాని లాకౌట్ గుండీ అలంకారంగా మిగులుతుంది. హైడ్రాలిక్ లాకౌట్‌లో ఆయిలు దారి మూసుకుంటుంది. మంచివాటిలో బలమైన దెబ్బ తగిలితే తెరుచుకునే వాల్వు ఉంటుంది, అది ఉన్నవి బతుకుతాయి. లాకౌట్‌కు అదనంగా డబ్బు పెట్టే బదులు గాలి ఎక్కువ నింపుకోవడం మేలు.

ఏవి చూడొచ్చు

స్టాంషన్ గొట్టం వ్యాసం చవక ఫోర్కును పట్టిచ్చే మొదటి గుర్తు. గోడ మందం ఒకటే అయితే వంగకుండా నిలిచే గుణం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 28కి బదులు 32 మి.మీ. గొట్టమంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. మన దగ్గర కొత్త సైకిళ్లతో వచ్చే సన్‌టూర్ ఎక్స్‌సీటీ లాంటి ఫోర్కులవి 28 మి.మీ. ఉక్కు గొట్టాలు. అవి పార్కుకూ, మట్టిదారికీ చేసినవి. వాటి మీద గట్లు దిగడం మొదలుపెడితే ముందు బుష్‌లు (గొట్టాలు జారే లోపలి రింగులు) అరుగుతాయి, తర్వాత క్రౌన్ కిర్రుమంటుంది. దానికి ఫోర్కును తప్పుపట్టడం న్యాయం కాదు. సైకిళ్లకు వాడుక వర్గాలు నిర్ణయించే ఏఎస్‌టీఎం పద్ధతిలో 3వ వర్గం అంటే 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు, 4వది 122 సెంటీమీటర్ల లోపు. ఫోర్కు పుస్తకంలో 2వ వర్గం అని ఉంటే దాంతో గెంతులు మరచిపోవాలి. ట్రయల్స్‌కు కనీసం 4 చూడాలి.

కొత్తగా కొనేవాళ్లకు డర్ట్ జంప్ ఫోర్కులే మొదటి చోటు. ఆ రకంలో చవకది సన్‌టూర్ డ్యూరో డీజే. అందులో 20 మి.మీ. ఇరుసు ఉన్నది ఎంచుకోవాలి. బరువుంటుంది, డాంపింగు (ఫోర్కు కదలికను ఆయిలుతో అదుపు చేసే ఏర్పాటు) మొరటు, కానీ చట్రం గట్టిది. దాని పై మెట్టు మానిటూ సర్కస్. స్ట్రెయిట్, టేపర్డ్ రెండు రకాల స్టీరర్లతోనూ అమ్ముడైంది కాబట్టి పాత ఫ్రేములున్నవాళ్లకు తరచూ ఇదే సమాధానం. రాక్‌షాక్స్ పైక్ డీజే, మార్జోకీ బాంబర్ డీజే మంచివే, కాని ధర చూస్తే 'చవక' అనే మాట వాటికి అతకదు. ట్రయల్స్ వాడుకకు డ్యూరో నుంచి సర్కస్‌కు వెళ్తే కనిపించే లాభం, సర్కస్ నుంచి పైక్‌కు వెళ్తే కనిపించదు.

పాతవాటిలో రాక్‌షాక్స్ ఆర్గైల్ దొరికితే వదలొద్దు. డర్ట్ జంప్ కోసమే చేసినది. పాత మార్జోకీ డర్ట్ జంపర్ వరుస బండలా ఉంటుంది, బరువూ బండంతే. 2015లో మార్జోకీ సైకిల్ విభాగం ఫాక్స్ చేతికి వెళ్లాక పాత మోడళ్ల విడిభాగాలు కరువయ్యాయి. సీళ్లు దొరుకుతున్నాయని రూఢి చేసుకున్నాకే దాని మీద చెయ్యేయాలి. రాక్‌షాక్స్ రీకన్, రీబా లాంటి కొండదారి (ట్రెయిల్), క్రాస్‌కంట్రీ ఫోర్కులు 32 మి.మీ. గొట్టాలతో, గాలి స్ప్రింగుతో చవకగా వస్తాయి. 60 కిలోల లోపు బరువున్నవాళ్లు, నెమ్మదిగా దిగేవాళ్లు వీటితో చాలాకాలం నెట్టుకురావచ్చు. అంతకు మించిన బరువుకు, రెండు మూడు అడుగుల గట్లకు అవి చేసినవి కావు.

వీటిలో ఎక్కువ శాతం మన ఊళ్లలో సైకిల్ షాపు గోడకు వేలాడుతూ కనిపించవు. బయటి నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి అసలు ధరను బాగా పెంచేస్తాయి. అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చే బంధువు సూట్‌కేసులో వస్తుందా అంటే, స్టీరర్ కోయని ఫోర్కు మొత్తం పొడవు 75 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద సూట్‌కేసులో ఐమూలగా పడుతుంది. గాలి తీసేసి, ఇరుసును దాని చోట బిగించి, లోయర్స్‌కు బట్ట చుట్టి పంపమని చెప్పాలి. ఇరుసు లేకుండా వస్తే కాళ్లు నొక్కుకుని వంగే ప్రమాదం ఉంది.

వాడిన ఫోర్కును చేతిలోకి తీసుకుని

మొదట స్టాంషన్ గొట్టాల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి జార్చాలి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. ముఖ్యంగా సీలుకు పైన రెండు అంగుళాల మేర చూడాలి, రోజూ సీలులోంచి కదిలే భాగం అదే. అక్కడి గీత సీలును కోస్తుంది, ఆయిలు కారుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వాడిన ఉక్కు గొట్టాల మీద క్రోమ్ పొర కింద చిలుము చుక్కలు లేస్తాయి. తుడిస్తే పోయినట్టే ఉంటాయి, నెలలో మళ్లీ వస్తాయి.

తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, ఇంకో చేతివేళ్లు సీలు దగ్గర గొట్టానికీ లోయర్‌కూ మధ్య పెట్టాలి. అక్కడ టక్‌టక్‌మని ఆట తెలిస్తే బుష్‌లు అరిగాయని అర్థం. హెడ్‌సెట్ వదులైనా ఇలాంటి ఆటే కనిపిస్తుంది కాబట్టి వేళ్లు హెడ్‌సెట్ మీద పెట్టి కూడా చూడాలి. హెడ్‌సెట్ బిగిస్తే పోతుంది. బుష్‌లు మార్చడానికి ప్రత్యేక పనిముట్లు కావాలి, చవక ఫోర్కుకు ఆ ఖర్చు దండగ. హ్యాండిల్ బలంగా ఒత్తుతూ పక్కకు వంచితే క్రౌన్ దగ్గర కిర్రుమంటే, గొట్టాలు క్రౌన్‌లోకి దిగగొట్టిన అతుకు వదులైనట్టు. దానికి ఇంట్లో చేయగలిగిన వైద్యం లేదు. బేరం అక్కడితో ఆపేయాలి.

గాలి ఫోర్కయితే సూచించిన ఒత్తిడికి నింపి ఓ గంట ఉంచి, మళ్లీ పంపు తగిలించి చూడాలి. పంపు గొట్టంలోకి వెళ్లే గాలి వల్ల ముల్లు కాస్త తక్కువ చూపిస్తుంది. అది లోపం కాదు. 10 పీఎస్‌ఐ పైగా పడిపోతే సీళ్లు మార్చమని అడుగుతున్నాయి. ఫోర్కు పైకి రాకుండా ట్రావెల్‌లో కొంత దిగిపోయి అక్కడే ఆగిపోతే, గాలి మధ్య సీలు దాటి నెగటివ్ గదిలోకి పోతోంది. సర్వీస్ కిట్ దొరికే మోడలయితే ధర తగ్గించి అడగడానికి ఇదే మంచి సాకు.

బిగించాక

గాలి ఫోర్కును, దాని కాలి మీద అతికించిన చీటీలో బరువుకు తగ్గట్టు ఇచ్చిన ఒత్తిడితో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఐదేసి పీఎస్‌ఐ పెంచుతూ పోవాలి. చీటీలోని గరిష్ఠం దాటకూడదు. ట్రయల్స్‌కు లక్ష్యం: పెడళ్ల మీద నిలబడితే ట్రావెల్లో పదో వంతు దిగాలి, ముందు చక్రం మీద తిరిగితే మూడో వంతుకు మించకూడదు. గొట్టం మీది రబ్బరు రింగు ఈ కొలతకే. రింగు లేకపోతే సన్నటి ప్లాస్టిక్ టై వదులుగా చుట్టినా సరిపోతుంది.

రీబౌండ్‌ను, అంటే నొక్కుకున్న ఫోర్కు తిరిగి లేచే తీరును, వేగం వైపు పెట్టుకోవాలి. ఆఖరి వేగం నుంచి రెండు మూడు క్లిక్కులు వెనక్కి. నెమ్మదిగా పెడితే వరస గెంతుల్లో ఫోర్కు పూర్తిగా లేవకముందే తర్వాతి గెంతు వచ్చి, ప్రతిసారీ కాస్త కాస్త పొట్టిదవుతూ పోతుంది. మరీ వేగంగా ఉంటే ముందు చక్రం దిగిన చోటి నుంచి బంతిలా లేస్తుంది. ముందు భాగం ఎత్తిన ప్రతిసారీ టంగుమని చప్పుడొస్తే, ఫోర్కు పూర్తిగా చాచుకునే చోట రబ్బరో చిన్న స్ప్రింగో పోయింది. చెవికి చిరాకే గాని వెంటనే ప్రమాదం కాదు.

లోయర్స్ సర్వీసు 50 గంటల వాడుకకు ఒకసారి అని తయారీదారులు చెబుతారు. ట్రయల్స్ గంటల్లో ఫోర్కు కదిలేది తక్కువ, కానీ దుమ్ము మాత్రం తక్కువ కాదు. వర్షాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చేసినా నయమే. గాలి మొత్తం తీసేయాలి. కింది రెండు బోల్టులను మూడు నాలుగు చుట్లు వదులు చేసి, వాటి తల మీద ప్లాస్టిక్ సుత్తితో తట్టాలి. కడ్డీలు ఊడాక బోల్టులు పూర్తిగా తీసి లోయర్స్‌ను కిందికి లాగాలి. బోల్టు తీసేసి కడ్డీ మరను నేరుగా కొడితే మర చెడి, పది రూపాయల పనికి కొత్త డాంపర్ మెడకు చుట్టుకుంటుంది. లోపలి పాత ఆయిలు వంచి, బుష్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి. సీలు కింద ఉండే స్పాంజి రింగులను తీసి కడిగి, ఆయిల్లో నానబెట్టి తిరిగి పెట్టాలి. కాళ్లను మళ్లీ ఎక్కించి, రెండు చివరలూ కలవడానికి ముందు కింది రంధ్రాల్లోంచి సిరంజితో పుస్తకంలో చెప్పినంత ఆయిలు పోయాలి. చాలా ఫోర్కులకు ఒక్కో కాలికి 5 నుంచి 15 మి.లీ. మధ్య ఉంటుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకుని నింపితే కింద గాలికి చోటు లేక ట్రావెల్ చివరి భాగం పని చేయదు. బోల్టుల కింద వాషర్లు కొత్తవి వేసి, రాక్‌షాక్స్ ఫోర్కులయితే దాదాపు 7 న్యూటన్ మీటర్ల బిగింపు ఇవ్వాలి. లోయర్స్ మెగ్నీషియంవి, బలమంతా చూపితే బోల్టు కూర్చునే చోటే చిట్లుతుంది.

రిజిడ్ ఫోర్కును అమ్మేయకుండా, దాని క్రౌన్‌కు విడిగా ఓ క్రౌన్ రేస్ కొట్టి దాచుకుంటే, సస్పెన్షన్ ఫోర్కు సర్వీసులో ఉన్న వారం సైకిల్ ఆగదు. రెండూ డిస్కువైతే, ఇరుసు ఒకటే రకమైతే, మార్చడానికి పట్టేది ఇరవై నిమిషాలు.